అందరి సొత్తైన గణన సాధనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఒక పాతధర్మము గలదు. ఒకరు కొనిన పుస్తకమును వందమంది చదువుదురు. ఆ వందమందిలో ఒకడు అచ్చుతప్పు కనిపెట్టి అంచున పెన్సిలుతో దిద్దినచో, తరువాత చదువువానికి ఆ దిద్దుబాటు ఉపకరించును. (గ్రంథపాలకులు దీనికి ఒప్పుకొనరు, అది వేరు సంగతి.) 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడును, 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రగ్రంథములను తెలుగున అచ్చొత్తింప బూనినపుడును ఈ ధర్మమే మూలము. ఈ కాలమున శాస్త్రము పుస్తకములలోనే గాక, లెక్కలు గట్టి పటములు గీయు కంప్యూటరు సాఫ్ట్‌వేరులో కూడ నివసించుచున్నది. అచ్చట ఈ ధర్మము నిలుచునా, నిలువదా అనునదే నేటి ప్రసంగ విషయము.

పల్లెలనుండి పట్నమునకు పోయి చదువుకొను పిల్లలకు చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పేర్లు అలవాటైనవే. అశోక్‌నగర్ సందులలో పోటీపరీక్షల శిక్షణాలయములు, హాస్టళ్లు, జిరాక్సు దుకాణములు క్రిక్కిరిసి యుండును. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున లోపల చోటు దొరకనివారు ఆవరణలో చెట్ల క్రింద కూర్చుండి చదువుచుందురు. నారాయణగూడ వైపు కళాశాలలు గలవు. 2020 ఫిబ్రవరిలో మెట్రోరైలు ఈ పేటల మీదుగా నడువసాగెను. ఈ పేటలలో ఒక గదిలో నలుగురితో కలిసియుండు విద్యార్థి నొకనిని తలంచుకొనుడు. అతడు గణాంకశాస్త్రమున ప్రాజెక్టు వ్రాయవలెను. కళాశాలలో నేర్పిన సాఫ్ట్‌వేరు కొనవలెనన్న తండ్రి పంపు నెలఖర్చు చాలదు. అప్పుడు స్నేహితుని పెన్‌డ్రైవులోని దొంగప్రతి అతని కంటబడును. అందులో వైరసు ఉండవచ్చును. అంతకంటె చెడ్డ సంగతి యేమనగా, బ్రతుకుదెరువునకై నేర్చుకొను విద్యను అతడు దొంగసొమ్ముతో మొదలుపెట్టుచున్నాడు. కొనలేనివాడు దొంగిలింపవలెను, లేనిచో మానుకొనవలెను అను రెండే దారులున్నచోట విద్య నిలుచుట కష్టము.

మూడవ దారి గలదు. దానిని తెరచినవారిలో ఒకని కథ వినదగినది. అమెరికాలో జాన్ హంటర్ అను నాడీశాస్త్రజ్ఞుడు మూర్ఛరోగుల మెదడునందలి విద్యుత్తరంగములను పరిశీలించుచుండెను. ఆ తరంగములను చూపు సాఫ్ట్‌వేరునకు వారియొద్ద ఒక్క లైసెన్సే యుండెను. దానికి తాళపుచెవివంటి చిన్న పరికరమును కంప్యూటరునకు తగిలించిన గాని అది తెరచుకొనదు. పరిశోధకులు, విద్యార్థులు, సాంకేతికులు అందరును ఆ ఒక్క తాళపుచెవి కొఱకు ఒకరికొకరు కాచుకొనియుండవలసి వచ్చెను. హంటర్ విసిగి, పైథాన్ భాషలో తానే మరియొక సాధనము వ్రాసికొని, 2003లో లోకమునకు విడిచిపెట్టెను. దాని పేరు మాట్‌ప్లాట్‌లిబ్. తాళపుచెవి లేదు; మూలపాఠము, అనగా సోర్స్ కోడు, ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. 2012లో హంటర్ కాలధర్మము చెందెను. 2019 ఏప్రిల్‌లో కృష్ణబిలము యొక్క మొదటి చిత్రమును లోకమునకు చూపిన శాస్త్రజ్ఞులు వాడిన సాధనములలో మాట్‌ప్లాట్‌లిబ్ కూడ నొకటి.

ఇట్టి సాధనములు డబ్బు లేకుండ వచ్చుటయే గొప్ప యని చాలమంది తలంతురు. అది గొప్పలో సగమే. లెక్క యెట్లు జరిగినదో చూడనిచ్చుట రెండవ సగము. 2010లో అమెరికా ఆర్థికశాస్త్ర ఆచార్యులు రైన్‌హార్ట్, రోగాఫ్‌లు ఒక వ్యాసమున, అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతము దాటిన దేశములలో సగటు ఆర్థికవృద్ధి సున్నకంటె దిగువకు, -0.1 శాతమునకు, పడినదని చూపిరి. పెద్ద పెద్ద ప్రభుత్వములలో ఆ వ్యాసమును చూపి ఖర్చులు తగ్గింపవలెనని వాదించినవారు గలరు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున థామస్ హెర్ండన్ అను విద్యార్థి ఆ లెక్కను తిరిగి కట్టబోగా కుదరలేదు. అడుగగా ఆచార్యులు తమ లెక్కల పట్టికను పంపిరి. చూడగా సగటు గట్టునపుడు ఐదు దేశముల వరుసలు విడిచిపోయినవి. ఎంపికలోను, తూకములోను హెర్ండన్ బృందము పట్టిన ఇతర లోపములను కూడ సవరించినచో సగటు 2.2 శాతము వచ్చెను. వరుసలు విడిచిన తప్పును ఆచార్యులు అంగీకరించిరి గాని, తమ ముఖ్యాభిప్రాయమును వదలుకొనలేదు. తప్పు పట్టికది గాని సాఫ్ట్‌వేరుది కాదు. ఐనను పట్టిక పెట్టెలోనే యుండిపోయిన యెడల ఆ విద్యార్థి యేమి చేయగలిగెడివాడు?

ఇక ఇన్‌స్టాల్ చేయు సంగతి. పిల్లలు భయపడునది ఇచ్చటనే. గణాంకములకు ఆర్ అను భాష గలదు; న్యూజిలాండ్‌లోని ఆక్‌లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దానిని ఆరంభించిరి, 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 వర్షను వెలువడినది. ఇంజనీరింగు లెక్కలకు సైలాబ్, ఆక్టేవ్ గలవు. చిక్కడపల్లి గ్రంథాలయమునకు చేరువనే త్యాగరాయ గానసభ యున్నది గాన, ఆక్టేవ్ పేరు విని సంగీతమునకు సంబంధించినదని భ్రమింతురేమో! అది ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అను రసాయనిక ఇంజనీరింగు ఆచార్యుని పేరు. ఆయన శిష్యుడైన జాన్ ఈటన్ గురువు పేరు పెట్టెను.

వీనిని ఆయా సంస్థల సొంత తావులనుండియే తెచ్చుకొనవలెను. ఒక సాధనమును పిలిచిన అది ఒంటరిగా రాదు. పెండ్లికి వంటవానిని పిలిచినచో అతడు గుండిగలు, గరిటెలు, ఇద్దరు సహాయకులు కావలెననును గదా! అట్లే ఒక ప్యాకేజీ మరి పది ప్యాకేజీలను కోరును. వానిని తెచ్చి పెట్టుటకు పైథాన్‌లో పిప్ అను పనివాడు గలడు. చిక్కెక్కడ వచ్చుననగా, ఒక ప్రాజెక్టునకు పాత గరిటె కావలెను, మరియొకదానికి కొత్తది. అందుచేత ప్రతి ప్రాజెక్టునకు వేరు పొయ్యి పెట్టవలెను. దీనిని వెన్వ్ అందురు. దీనిని లక్ష్యపెట్టక సిస్టమునకు చెందిన పైథాన్‌లోనే అన్నియు కుమ్మరించి యంత్రమును చెడగొట్టుకొనువారు ఎక్కువైనందున, 2023లో వచ్చిన డెబియన్ 12 అట్లు చేయబోగా వద్దని నిలుపును. తెరపై తప్పుల వరుస కనబడగానే చేతులెత్తరాదు. పైథాన్ చూపు వరుసలలో కడపటి పంక్తిని ముందు చదువవలెను, సాధారణముగా జబ్బు పేరు అచ్చటనే యుండును.

పల్లెలో ఇంటర్నెట్టు మందమైనను ఉపాయము గలదు. పట్నమున నున్నపుడే పిప్ డౌన్‌లోడ్ అను ఆజ్ఞతో ప్యాకేజీలన్నిటిని పెన్‌డ్రైవులోనికి దించుకొని, ఊరికి తెచ్చి, ఇంటర్నెట్టు లేకయే ఇన్‌స్టాల్ చేయవచ్చును. రెండు యంత్రములందును పైథాన్ వర్షను, ఆపరేటింగ్ సిస్టము ఒక్కటే కావలెనను నియమము మాత్రము మరువరాదు. దొంగప్రతి వచ్చిన దారినే వచ్చినను ఇది దొంగసొమ్ము కాదు. పంచుకొమ్మని వ్రాసి యిచ్చినదే.

పుచ్చుకొనుట ఇట్టిది. ఇచ్చుట సంగతి తెలుగువారు తక్కువగా తలంచుచున్నారు. ప్రోగ్రాము వ్రాయలేనివాడు ఏమి ఇయ్యగలడని ప్రశ్న. చిక్కడపల్లి అను పేరునే తీసికొనుడు. అందు కకారమునకును, లకారమునకును ఒత్తులున్నవి. మాట్‌ప్లాట్‌లిబ్‌తో గీచిన పటముపై ఈ పేరు వ్రాసినచో ఒత్తులు అక్షరము క్రిందికి చేరక, ముక్కలై ప్రక్కప్రక్కన నిలుచుట చాలకాలము సాగిన లోపము. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరకినను, అక్షరములను కూర్చు విద్య వేరు. అది తప్పని తెలియుటకు ఇంజనీరు కానక్కరలేదు, తెలుగు చదువ వచ్చిన చాలును. తెలుగు రాని మహాపండితునకు అది కనబడనే కనబడదు.

ఐఐటీ బొంబాయిలో ఫాసీ అను పథకము గలదు. ప్రామాణిక పాఠ్యపుస్తకములోని సాధించిన లెక్కలను విద్యార్థులు సైలాబ్‌లో వ్రాసి సమర్పించినచో పరిశీలించి, అందరికి ఉచితముగా అందించుచు, వ్రాసినవారికి పారితోషికము కూడ ఇచ్చు పద్ధతిని అది నడపినది. అచ్చటి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములను తెలుగులో కూడ వినవచ్చును. హైదరాబాదులోనే 2005లో మొదలైన స్వేచ్ఛ అను సంస్థ తెలుగు మాటలతో నడచు ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపరచినది.

లోకమున కంతటికి చెందిన శాస్త్రకార్యమున పాలు పంచుకొనుట హైదరాబాదునకు క్రొత్త గాదు. 1887లో పారిస్‌లో జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కూడి, ఆకాశమును పట్టీలుగా పంచుకొని ఫోటోలు తీసి నక్షత్రముల పట్టిక వ్రాయ నిశ్చయించిరి. చిలీ దేశమునకు వచ్చిన పట్టీ అచ్చట సాగకపోగా, దానిని బేగంపేటలోని నిజామియా వేధశాల చేపట్టెను. పలకలపై ఒక్కొక్క చుక్కను చేతితో కొలిచి అచ్చొత్తిరి. దశాబ్దములు గడచి, 2000లో సుమారు 25 లక్షల నక్షత్రములతో టైకో-2 పట్టిక వెలువడునపుడు, నక్షత్రముల కదలికలు తేల్చుటకు ఆ పాత కొలతలు అక్కరకు వచ్చినవి. కొలిచినవారు దానిని చూడలేదు.

ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. దసరా సెలవులకు పట్నపు పిల్లలు వచ్చినపుడు, వారు తెచ్చిన పెన్‌డ్రైవుతో ఇచ్చటి కంప్యూటరున ఈ సాధనములను పెట్టింపవలెను. మండలపు వర్షపాతము లెక్కలు తెచ్చి పటము గీయించి, దానిపై ఊరి పేరు తెలుగున వ్రాయింపవలెను. అక్షరములు సరిగా వచ్చినచో మంచిదే. రానిచో ఏ వర్షను, ఏ ఆపరేటింగ్ సిస్టము, ఏ ఆజ్ఞ వ్రాయగా ఏమి రావలసియుండి ఏమి వచ్చెనో అయిదు పంక్తులలో వ్రాయవలెను. అంతకుముందే మరియొకరు ఆ లోపమును తెలిపిరేమో వెదకి, తెలుపనిచో పంపవలెను. ఆంగ్లము సరిగా లేకున్నను ఎవరును నవ్వరు. తప్పుగా వచ్చిన పటమును, అదే పేరును చేతితో సరిగా వ్రాసిన కాగితపు ఫోటోను జతపరచుట మాత్రము మరువరాదు.