మెట్ట సీమలో వెదురు పొద – పాడి రైతుకు అండ
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు, కడప ప్రాంతాల సంఘాలకు మేము పోయినప్పుడు సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "కొట్టం దగ్గర నీడకు, దడికి వెదురు వేసుకోవచ్చునా? కొత్త కొత్త రకాలు అమ్ముతున్నారు, అవి మన నేలలో బతుకుతాయా?" ఈనాడు దానికే జవాబు చెప్పదలచినాము.

మన మెట్ట సీమలో సాలుకు కురిసే వాన సుమారు 600, 700 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో 42 డిగ్రీలు దాటడం సామాన్యం. ఆ వేడికి పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, గేదె ఎదకు వచ్చినా గుర్తు పట్టడం కష్టమవుతుంది. కనుక కొట్టానికి పడమర, దక్షిణం దిక్కుల నీడ ఉండటం అలంకారం కాదు. అది పాల లెక్కలో చేరిన విషయం.

వెదురులో రెండు తీరులున్నవి. వేరు దుంప భూమిలో పారిపోయి దూరంగా మొలిచేది ఒకటి, ఉన్నచోటనే పొదకట్టేది మరొకటి. మనకు పనికివచ్చేది పొదకట్టేదే. పక్కవాని చేనులోకి పోదు, తగాదా తేదు. అటువంటి వెదురు మన నల్లమలలోనే ఉన్నది. దానిని సాధనపు వెదురు అంటారు. బొంగు సన్నం, లోపల గుల్ల తక్కువ, గట్టిదనం ఎక్కువ. లాఠీకి, నిచ్చెనకు, వాసాలకు పేరుపడినది ఇదే. కరువును ఓర్చుకుంటుంది. రెండవది ముళ్ళ వెదురు. బొంగు లావు, దడికి మేలు, కాని వంకల పక్కన తేమ ఉన్నచోట బాగా వస్తుంది. నీరు నిలిచే నల్లరేగడిలో రెండూ కుదరవు. ఎర్రనేల, గరుసునేల, వంక గట్టు మంచివి.

పసుపు బొంగుల తోట వెదురు, ముళ్ళు లేని బాల్కోవా రకాలు చూడ ముచ్చటగా ఉంటాయి. ఇవి నీరు ఎక్కువ కోరుతాయి. కె.సి. కాలువ కింద తోట ఉన్నవారు వేసుకోవచ్చును. వట్టి మెట్టలో ఎకరాలకు ఎకరాలు వేసి లక్షలు గడించవచ్చునని ఎవరైనా చెప్పితే, "ఏ ఊరిలో వేసినారు, ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు" అని అడిగి, పోయి కళ్ళారా చూచి, ఆ తరువాతనే డబ్బు కట్టండి.

ఇక నీటి మాట. పాలిచ్చే గేదెకు ఎండాకాలంలో రోజుకు 70, 80 లీటర్ల నీరు కావాలి. బోరులో నీరు తగ్గినప్పుడు ముందు పశువు, తరువాత పచ్చిమేత, ఆ తరువాతనే వెదురు. ఈ వరుస తప్పరాదు. అయితే కొట్టం కడిగిన నీరు ఊరికే పోతున్నది గదా! దానిని చిన్న కాలువ తీసి వెదురు పాదులకు మళ్ళించండి. నాలుగైదు పొదలకు అది చాలును. మురుగు నిలవదు, దోమ తగ్గుతుంది.

నాటే పద్ధతి సులభం. ఎండాకాలంలోనే 2 అడుగుల గుంత తీసి, మాగిన దిబ్బ ఎరువు, మట్టి కలిపి నింపాలి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో వాన పడగానే మొక్క నాటాలి. మొక్కకు మొక్కకు 15 అడుగులు, కొట్టం గోడకు 20 అడుగులు ఎడమ ఉండాలి. రాలిన ఎండుటాకుకు నిప్పు తగిలితే ప్రమాదం. మొదటి రెండు వేసవులు నీరు తప్పనిసరి. ఏటేటా తొలకరికి ముందు పొద మొదట ఎరువు వేసి మట్టి ఎగదోయాలి.

అయిదారేండ్లకు కోత వస్తుంది. మూడేండ్లు నిండిన బొంగునే కొట్టాలి. ఆ ఏటి బొంగుకు తొడుగులు, తెల్లని పొడి ఉంటాయి, దానిని ముట్టరాదు. వానాకాలంలో కొట్టరాదు. నేలకు పైన రెండవ కణుపు దగ్గర కొట్టండి. ప్రతి పొదలో ఎనిమిదికి తక్కువ కాకుండా ముదురు బొంగులు విడువండి. మరొక సంగతి: ఎన్నో ఏండ్లకు ఒకసారి పొద మొత్తం పూతకు వచ్చి, వెదురు బియ్యం రాల్చి చచ్చిపోతుంది. ఆ గింజను ఆలస్యం చేయక నారు పోసుకోవాలి.

మేత విషయం జాగ్రత్తగా వినండి. పచ్చిమేత కరువైన రోజులలో ముదురు వెదురాకును చొప్పతో కలిపి కొద్దిగా వేయవచ్చును. లేత మొలక మాత్రం వేయరాదు. లేత జొన్నలో నాము ఎటువంటిదో, లేత వెదురు మొలకలో విషమూ అటువంటిదే. ఆకలిమీదనున్న పశువుకు ప్రాణం మీదికి వస్తుంది. మొలకలు వచ్చే కాలంలో పొద చుట్టూ ముళ్ళకంప కట్టితే పశువూ క్షేమం, పొదా క్షేమం.

అరుదైన మొక్కలు పెంచాలనే ఉత్సాహం ఉన్నవారికి రెండు మాటలు. ఎర్రచందనం పుట్టిల్లు మన కడప కొండలే. పట్టా భూమి గట్ల మీద నాటుకోవచ్చును. కాని చేవ పట్టడానికి పాతికేండ్లు పైబడుతుంది, కొట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడ అదుపు ఉన్నది. బిడ్డల కోసం వేసేదే గాని అప్పు తీర్చేది కాదు. శేషాచలం కొండలలోని పేరీతను కొండ నుంచి పెరికి తేవడం తగదు. అది ప్రపంచంలో మరెక్కడా లేని మొక్క, పైగా ఆ జాతి ఆకు తింటే పశువు వెనుకకాళ్ళు పడిపోతాయి. కొట్టం దగ్గర దానికి, గన్నేరుకు చోటు ఇవ్వకండి.

చట్టం సంగతి కూడ తెలుసుకోవాలి. 1927 నాటి అటవీ చట్టంలో వెదురును చెట్టుగా లెక్కించినారు. 2017లో చేసిన సవరణతో, అడవి వెలుపల పెంచిన వెదురుకు ఆ లెక్క పోయింది. మీ పొలంలోని బొంగు మీరు కొట్టి అమ్ముకోవచ్చును. అడవిలోని వెదురుకు మాత్రం ఇది వర్తించదు.

మేము చెప్పేది ఇంతే. ఎకరాలు వద్దు. ఇంటికి నాలుగు పొదలు, కడిగిన నీటితో, దిబ్బ ఎరువుతో. వాసాలు, నిచ్చెన, దడి కర్ర కొనే పని తప్పుతుంది. మిగిలిన బొంగు మేదరివారికి అమ్మితే, గంపలు, తట్టలు ఊరిలోనే తయారవుతాయి. ఈ తొలకరికి ప్రతి సంఘమూ ఎంతమందికి మొక్కలు కావాలో పట్టిక వ్రాసి, సాధనపు వెదురు నారు ఒకేసారి తెప్పించుకోవలసిందిగా కోరుతున్నాము.