ఆడిన బ్యాట్‌ను చూడడం ఎలా?

అమెరికాలో బేస్‌బాల్ మ్యాచ్‌లలో నిజంగా ఆడిన బ్యాట్లను సేకరించేవారున్నారు. మీకూ ఆ అభిరుచి కలిగితే, డబ్బు తీసేముందు కళ్లకు పని చెప్పండి.

ముందు పిడి చివర ఉన్న గుబ్బను చూడండి. తన బ్యాట్‌ను చప్పున గుర్తుపట్టడానికి ఆటగాడు చాలాసార్లు జెర్సీ నంబరును అక్కడ రాసుకుంటాడు. తర్వాత పిడి. పట్టు జారకుండా పూసుకునే పైన్ తారు అక్కడ నల్లగా పేరుకుని ఉంటుంది. పూసే తీరు ఎవరిది వారిదే. తారు పిడి చివర నుంచి 18 అంగుళాలు దాటకూడదని నియమం. 1983 జూలై 24న జార్జ్ బ్రెట్ అనే ఆటగాడు కొట్టిన హోమ్ రన్‌ను, అంటే బంతిని మైదానం దాటించిన దెబ్బను, అంపైర్లు రద్దు చేసింది ఈ తారు హద్దు దాటిందనే. లీగ్ అధ్యక్షుడు తర్వాత ఆ హోమ్ రన్‌ను నిలబెట్టారు.

ఇక బంతి తగిలే లావు భాగం. బంతికి ఎర్రదారంతో 108 జంట కుట్లుంటాయి. దెబ్బ గట్టిగా పడితే ఆ కుట్ల అచ్చు చెక్కలో దిగబడుతుంది. కుడిచేతి ఆటగాడికీ ఎడమచేతి ఆటగాడికీ ఆ అచ్చులు సాధారణంగా వేర్వేరు వైపుల పడతాయి. అచ్చులు ఆటగాడి చేతివాటానికి పొసగకపోతే అనుమానించండి. ప్రసిద్ధ ఆటగాడు బేబ్ రూత్ 1927లో ఆడిన ఒక బ్యాట్ మీద 21 గాట్లున్నాయి, హోమ్ రన్‌కొకటి చొప్పున. లూయివిల్ స్లగ్గర్ మ్యూజియంలో దాన్ని చూడవచ్చు.

కళ్లు చెప్పినదానికి రుజువు కావాలి. 2001 నుంచి మేజర్ లీగ్ వారి ప్రతినిధులు మైదానంలోనే ఉండి, ఆడిన వస్తువులకు నంబరున్న హోలోగ్రామ్ అతికిస్తున్నారు. అంతకుముందువాటికి తయారీదారుల పాత ఆర్డరు పుస్తకాలు ఆధారం. హిల్లరిచ్ అండ్ బ్రాడ్స్‌బీ సంస్థ ఏ ఆటగాడికి ఏ పొడవు, ఏ బరువు బ్యాట్ పంపిందో రాసి ఉంచింది. చెక్కలోని గీతలు ఏ రెండు బ్యాట్లలోనూ ఒకేలా ఉండవు. కాబట్టి మ్యాచ్ ఫొటోతో పోల్చి చూడడం మరింత గట్టి ఆధారం.

రూత్ బ్యాట్ ఒకటి 2004 వేలంలో 12.65 లక్షల డాలర్లు పలికింది. మనం అక్కడ మొదలుపెట్టనక్కర్లేదు. పెద్దగా పేరులేని ఆటగాడిది, ఆటలో పగిలినది అయినా మంచిదే. ఆ పగులు కూడా ఆటలో భాగమే. అమెరికాలోని మన శ్రోతలు స్టేడియం దుకాణాల్లో హోలోగ్రామ్ ఉన్నవి అడిగి చూడండి.

ఒక్క మనవి. ఇంటికి తెచ్చాక దాన్ని శుభ్రం చేయకండి, పాలిష్ పెట్టకండి. ఆ తారూ, ఆ అచ్చులూ చెరిగిపోతే ఆ ఆటకు సాక్ష్యం మళ్లీ ఎవరూ తయారుచేయలేరు.