పింఛనా, పెయింటింగా? డెట్రాయిట్ మ్యూజియం కథ

ఈరోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఊరి మున్సిపాలిటీ దివాలా తీసింది. చేతిలో రెండే ఉన్నాయి: రిటైరైన ఉద్యోగుల పింఛన్లు, మ్యూజియంలోని బొమ్మలు. దేన్ని వదిలేస్తారు?

ఇది ఊహ కాదండి. 2013 జులైలో అమెరికాలోని డెట్రాయిట్ నగరం సుమారు 1800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. అక్కడి డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఉన్న కళాఖండాలు నగరం ఆస్తి. అప్పులవాళ్ళు ఊరుకుంటారా? అమ్మండి అన్నారు. క్రిస్టీస్ సంస్థ వచ్చి, నగరం డబ్బుతో కొన్న వాటికి మాత్రమే వెల కట్టింది. 45 కోట్ల నుంచి 87 కోట్ల డాలర్ల దాకా తేలింది.

ఈ కథ మా నాన్నగారికి చెప్పాను. ఆయన రిటైర్డ్ ఉద్యోగి. "ముందు పింఛను, తర్వాతే బొమ్మలు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో మందులు వచ్చేది ఆ పింఛనుతోనే కదా.

మరి డెట్రాయిట్ ఏం చేసింది? ఫోర్డ్, క్రెస్గీ, నైట్ లాంటి దాతృత్వ ఫౌండేషన్లు కలిసి 36.6 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మ్యూజియం తన దాతల నుంచి 10 కోట్లు, రాష్ట్ర ప్రభుత్వం 35 కోట్లు. ఇరవై ఏళ్ళ లెక్కలో మొత్తం 81.6 కోట్లు. దీన్నే గ్రాండ్ బార్గెయిన్ అంటారు. ఇక్కడే అసలు విషయం: ఆ డబ్బు వెళ్ళింది పింఛన్ల నిధికి. బదులుగా బొమ్మల యాజమాన్యం నగరం చేతిలోంచి మ్యూజియం నడిపే లాభాపేక్ష లేని సంస్థకు మారింది. మళ్ళీ అప్పు కోసం వాటిని అమ్మే దారి మూసేశారు.

అందరూ గెలిచారా అంటే, లేదు. మామూలు మున్సిపల్ ఉద్యోగుల పింఛనులో 4.5 శాతం కోత పడింది, ఏటా ధరలతో పాటు పెరిగే భాగం కూడా పోయింది. అది చెప్పకుండా దాతల్ని పొగిడితే కథ సగమే.

ఇంకో సంగతి. 1932-33లో డియేగో రివేరా ఆ మ్యూజియం గోడల మీద కార్ల ఫ్యాక్టరీ కార్మికులను గీశాడు. ఖర్చు భరించింది ఎడ్సెల్ ఫోర్డ్. ఫోర్డ్ ఫౌండేషన్ మొదలుపెట్టిందీ ఆయనే, 1936లో. దాదాపు ఎనభై ఏళ్ళకి అదే ఫౌండేషన్ 12.5 కోట్లతో ముందుకొచ్చింది.

కానీ రోజువారీ తలుపులు తెరిచి ఉంచేది ఎవరు? 2012లో చుట్టుపక్కల మూడు కౌంటీల జనం ఓటేసి ఆస్తి పన్ను వేసుకున్నారు. లక్షన్నర డాలర్ల ఇంటికి ఏడాదికి సుమారు 15 డాలర్లు. బదులుగా వాళ్ళకి ప్రవేశం ఉచితం, స్కూల్ పిల్లలకు మ్యూజియం యాత్రలు ఉచితం. 2020లో మళ్ళీ ఓటేసి పొడిగించారు. నోవై, ట్రాయ్‌లలో ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళూ ఆ పన్ను కడుతున్నవాళ్ళే. మీరు అక్కడుంటే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి, టికెట్ అడగరు.

నాకు అర్థమైంది ఇదీ: పెద్ద దాత ఒక గండం గట్టెక్కిస్తాడు. ప్రతి ఏడాదీ పిల్లల బస్సు రావాలంటే మాత్రం ఊరు చిన్న మొత్తమైనా తప్పకుండా ఇస్తూ ఉండాలి.

మా నాన్నగారు అంతా విని, "4.5 శాతం పోయినవాణ్ణి కూడా ఒకసారి అడగండ్రా" అన్నారు. అడగాల్సిందే. మీరైతే ఏం చేసేవాళ్ళో రాయండి.