ఒకే బండికి పూన్చిన రెండు యంత్రములు

 

యంత్రశాస్త్రము నభ్యసించి నేడు పట్టములందుకొనుచున్న మీ యెదుట ఉపదేశపరంపరను వల్లించుటకంటె, 1997వ సంవత్సరము డిసెంబరు నెలలో జపానుదేశమున టయోటా సంస్థవారు విక్రయమునకు దెచ్చిన ప్రియస్ అను కారునందు పెట్రోలు ఇంజనును, విద్యుత్తు మోటార్లును ఎట్లు కలిసి పనిచేయునో విన్నవించుటయే నాకు సముచితముగ దోచినది; ఏలయన, ఇరువురు సమర్థుల నొకచోట జేర్చుట సులభమేగాని, ఒకరి యునికిచేత రెండవవారి స్వభావమే మెరుగుపడునట్లు కూర్చుట దుష్కరమని తెలిసియే ఆ శిల్పులు దానికి పూనుకొనిరి.

రెండు శక్తుల నొక బండికి పూన్చుట క్రొత్త యూహ కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షె చక్రములలోనే మోటార్ల నమర్చి, ఇంజనుచే జనరేటరును త్రిప్పించి, అట్టి బండి నొకదానిని నిర్మించెను.

ప్రియస్ కూర్పును కొంచెము దగ్గరగా జూతము. నడుమ సూర్యచక్రమను పళ్ళచక్రము. దానితో పళ్ళు కలిపి తిరుగు చిన్న గ్రహచక్రములు. వాని నన్నిటిని చుట్టి వలయచక్రము. గ్రహచక్రములను మోయు పీఠమునకు ఇంజనును, సూర్యచక్రమునకు ఒక మోటారును, వలయచక్రమునకు రెండవ మోటారును, బండిచక్రములకు పోవు మార్గమును జతపరచినారు. తొలి ప్రియస్‌లో సూర్యచక్రమునకు 30 పళ్ళు, వలయచక్రమునకు 78. కావున ఇంజను టార్కులో నూటికి సుమారు 28 పాళ్ళు మొదటిదానికిని, 72 పాళ్ళు రెండవదానికిని ఎల్లప్పుడును సంక్రమించును. పంపకము స్థిరము, వేగములు మాత్రము స్వేచ్ఛ గలవి: మొదటి మోటారు వేగమును హెచ్చించియో తగ్గించియో, బండి ఎంత వేగమున పోవుచున్నను, ఇంజనును దానికనువైన వేగమున నిలుపవచ్చును. అందుచేత గేర్లు మార్చు పని లేదు. ప్రత్యేక స్టార్టరును లేదు, ఆ పనియు మొదటి మోటారే చేయును.

ఇంతకంటెను నన్నాకర్షించినది ఇంజను స్వభావము. 1882లో జేమ్స్ అట్కిన్‌సన్ అను ఆంగ్ల యంత్రశిల్పి, సంపీడనముకంటె వ్యాకోచము నధికము చేసిన ఇంజనునకు పేటెంటు పొందెను. ప్రియస్ ఇంజను, గాలిని పీల్చు కవాటమును ఆలస్యముగా మూసి, పీల్చినదానిలో కొంత వెనుకకు పోనిచ్చి, ఆ ఫలమునే సాధించును. దక్షత పెరుగును; కాని అంతే పరిమాణముగల సామాన్యపు ఇంజనుకంటె బలము తగ్గును, అందును నెమ్మదిగా తిరుగునప్పుడు ఆ లోటు బాధించును. నిలిచియున్న క్షణమునుండియే నిండు టార్కు నీయగల మోటారు ప్రక్కనుండుటచేతనే, ఒంటరిగా నున్నచో ఎవరును కోరని ఆ మితాహారపు ఇంజను ఇచ్చట ఆదరణకు పాత్రమైనది.

కూడలివద్ద బ్రేకు నొక్కగనే రెండవ మోటారు జనరేటరై, బండి గతిశక్తిలో కొంతభాగమును బ్యాటరీకి చేర్చును. గట్టిగా నొక్కినప్పుడును, బ్యాటరీ నిండియున్నప్పుడును రాపిడి బ్రేకులు శేషభారమును వహించును. ఈ పంపకము నడుపువాని పాదమునకు తెలియకుండ జరుగవలెను! దానిని సాధించిన శిల్పులను నేను మనసార గౌరవింతును.

అయినను తొలి ప్రియస్‌కు బయటనుండి విద్యుత్తు నెక్కించు తీగ లేదు. బ్యాటరీలో నిలువయున్న విద్యుత్తు తుదకు పెట్రోలునుండియే వచ్చినది. మాటిమాటికి ఆగుచు సాగు నగరవీథులలో దీని లాభము విశేషము. బ్రేకుతో పనిలేక ఏకవేగమున సాగు రహదారిపై తిరిగి పట్టుకొనదగిన శక్తియే స్వల్పము. కావున ఇట్టి వాహనమును కొనదలచినవారు మిమ్ము సలహా యడిగినచో, నిత్యము వారు పోవు త్రోవ యేదో ముందుగా అడుగుడు.