మొక్కకు ఎన్ని కెల్విన్లు కావాలి?

ఎండ పొడ తగలని ఫ్లాట్లలో ఇప్పుడు చాలామంది వంటింటి గట్టు మీదో, హాల్లో అలమారు అర మీదో కొత్తిమీర, పుదీనా, మెంతికూర పెంచాలని చూస్తున్నారు. ఎండ లేదు కనుక దీపం పెట్టాలి. దీపం కొనడానికి వెళ్తే మొదట ఎదురయ్యేది రంగు ప్రశ్న. డబ్బా మీద 2700, 4000, 6500 అంటూ కెల్విన్ల అంకె ఒకటి ఉంటుంది. తెల్లగా వెలిగే 6500 అయితేనే ఆకు బాగా వస్తుందని ఒకరంటారు. పూలు పూయాలంటే పసుపు వెలుగునిచ్చే 2700 కావాలని ఇంకొకరంటారు. ఈ రెండూ దండగ, ఊదారంగు గ్రో లైటే కొనండని మరొకరు చెబుతారు. నా వాదన ఏమిటంటే, ఆ అంకె కోసం మనం పడుతున్న ఆలోచనలో చాలా భాగం పెట్టవలసిన చోట పెట్టడం లేదు. తెల్లని ఎల్ఈడీ దీపాల మధ్య రంగు తేడా మొక్క ఆకారాన్ని కొంత మారుస్తుంది, నిజమే. కానీ మొక్క ఎదుగుతుందా, నీరసించి వాలిపోతుందా అన్నది దాని మీద ఎంత వెలుగు పడుతోంది, ఎన్ని గంటలు పడుతోంది అన్న దాన్ని బట్టే ఉంటుంది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఇనప కడ్డీని కొలిమిలో కాలిస్తే మొదట ఎర్రబడుతుంది, ఇంకా కాలిస్తే పసుపులోకి, తెలుపులోకి మారుతుంది. వేడికీ వెలుగు రంగుకీ ఉన్న ఈ సంబంధం నుంచే కెల్విన్ల లెక్క పుట్టింది. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5800 కెల్విన్లు. ఎల్ఈడీ బల్బు అంత వేడెక్కదు కదా. దాని మీద 6500 అని రాశారంటే, అంత వేడిగా ఉన్న వస్తువు వెలుగు మన కంటికి ఏ రంగులో కనిపిస్తుందో ఈ బల్బు వెలుగూ దాదాపు ఆ రంగులోనే కనిపిస్తుందని మాత్రమే అర్థం. అంటే అది మనిషి కంటి కోసం చేసిన కొలత. బల్బు లోపల నిజానికి ఉన్నది నీలం వెలుగునిచ్చే చిన్న చిప్పు, దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత. నీలం వెలుగులో కొంత పూతను తాకి పసుపు, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులుగా మారుతుంది. మారకుండా మిగిలిన నీలం వాటితో కలిస్తే మనకు తెలుపు కనిపిస్తుంది. ఆ నీలం చిప్పును సాధ్యం చేసినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పూత పలచగా ఉంటే నీలం ఎక్కువ మిగిలి 6500 అవుతుంది, చిక్కగా ఉంటే 2700 అవుతుంది. రెండింటి మూలమూ ఒకటే, రెండింటిలోనూ అన్ని రంగులూ ఉన్నాయి, పాళ్లే తేడా. ఈ విషయం గుర్తుంచుకుంటే దుకాణంలో వినిపించే మాటల్లో సగం తేలిపోతాయి.

ఇక మొక్క వైపు నుంచి చూద్దాం. 1882 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఎంగెల్‌మాన్ ఒక అందమైన ప్రయోగం చేశాడు. సన్నని నాచుపోగు మీద పట్టకం నుంచి వచ్చిన రంగుల పట్టీని పడేలా చేసి, ఆ నీటిలో ఆక్సిజన్‌ను వెతుక్కుంటూ పోయే బాక్టీరియాను వదిలాడు. అవి ఎరుపు, నీలం పడిన చోట గుంపులు కట్టాయి. నాచు అక్కడే ఎక్కువ ఆక్సిజన్ వదులుతోందన్నమాట. పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది ఎరుపు, నీలాలనే అని తరవాత ప్రయోగశాలల్లో కూడా తేలింది. ఊదారంగు గ్రో లైట్లు పుట్టింది ఈ జ్ఞానం నుంచే. ఆకుపచ్చను మొక్క వాడుకోదు కదా, దానికి కరెంటు ఎందుకు తగలెయ్యాలి అన్నది వాటి వెనకున్న తర్కం. చూడడానికి గట్టి తర్కమే. కానీ ఆకు నుంచి విడదీసి ద్రావణంలో కలిపిన పత్రహరితం ప్రవర్తన వేరు, ఆకు ప్రవర్తన వేరు. 1972లో కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల మొక్కల ఆకుల మీద ఒక్కో రంగునూ విడివిడిగా వేసి కిరణజన్య సంయోగక్రియను కొలిచాడు. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా, అంటే మనకు కనిపించే దాదాపు ప్రతి రంగూ ఆకుకు పనికొస్తోందని తేలింది. ఎరుపు అన్నిటికంటే ముందుంది, ఆకుపచ్చ కొంచెం వెనకబడింది, అంతే తప్ప వృథా కాలేదు. ఆకు మన కంటికి పచ్చగా కనిపించేది పడిన ఆకుపచ్చలో చిన్న భాగం వెనక్కి రావడం వల్ల. ఎక్కువ భాగం లోపలికే పోతుంది, పైగా ఆకు అడుగు పొరల దాకా చేరుతుంది.

అలాగైతే పెద్ద పెద్ద ఇండోర్ తోటలవాళ్లు ఎరుపు, నీలం దీపాలు ఎందుకు వాడుతున్నారని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఎరుపు ఎల్ఈడీ ఒక యూనిట్ కరెంటుతో ఎక్కువ కాంతికణాలను ఇస్తుంది. వేల దీపాలు రాత్రింబవళ్లు వెలిగే చోట ఆ ఆదా పెద్దది. ఇంట్లో రెండు మూడు దీపాల దగ్గర ఆ ఆదా అంతగా కనిపించదు, నష్టం మాత్రం కనిపిస్తుంది. ఊదా వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది. పసుపు మచ్చ వచ్చినా, పేనుబంక పట్టినా గుర్తించలేం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2014లో మొదలైన వెజ్జీ అనే చిన్న తోటలో ఎరుపు, నీలం దీపాల పక్కన ఆకుపచ్చ దీపాలు కూడా పెట్టారు. వ్యోమగాములకు ఆకుకూర ఆకుకూరలా కనిపించాలన్నది అందులో ఒక ఉద్దేశం.

తెలుపులోనే పాళ్లు మారితే ఏమవుతుందో సూటిగా పరీక్షించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో కెవిన్ కోప్, బ్రూస్ బగ్‌బీ ముల్లంగి, సోయా, గోధుమ మొక్కలను మూడు రకాల తెల్లని ఎల్ఈడీల కింద పెంచి 2013లో ఫలితాలు ప్రచురించారు. పసుపు తెలుపులో నీలం 11 శాతం, మధ్య రకంలో 19, చల్లని తెలుపులో 28. మొక్కల మీద పడే వెలుగు మొత్తం మాత్రం సమానంగా ఉంచారు. నీలం పెరిగేకొద్దీ కాడలు పొట్టిగా, మొక్కలు గుబురుగా వచ్చాయి. ఎండబెట్టి తూచినప్పుడు బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నీలం మొక్కకు తిండి మాత్రమే కాదు, సాగకుండా నిలబడమని చెప్పే సంకేతం కూడా. అందుకే నారుకూ ఆకుకూరలకూ 4000 నుంచి 6500 మధ్య తీసుకుంటే మంచిదని చెబుతాను. 2700 మాత్రమే ఇంట్లో ఉంటే మొక్క కాస్త పొడుగ్గా సాగుతుందే కానీ ఆకలితో చావదు.

ఆకలి వచ్చేది ఇంకో దారిన. మన కన్ను వెలుగును కొలవడంలో చాలా బలహీనమైన పరికరం. వెలుగు తగ్గితే కనుపాప విచ్చుకుంటుంది, మెదడు సర్దుకుంటుంది, గది వెలుతురుగానే ఉందనిపిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో నేల మీద పడే వెలుగు దాదాపు లక్ష లక్స్. రాత్రి దీపం వేసిన హాల్లో అది సాధారణంగా 100, 200 లక్స్. అంటే కొన్ని వందల రెట్లు తక్కువ. చదువుకోవడానికి మనకు చాలినంత వెలుగు కొత్తిమీరకు చీకటితో సమానం. పిడికెడు అన్నం వడ్డించి, అందులోకి ఏ పచ్చడి బాగుంటుందని తర్జనభర్జన పడితే కడుపు నిండదు కదా, కెల్విన్ల చర్చ అలాంటిదే.

లెక్క వేసి చూద్దాం. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. అది రెండు మీటర్ల ఎత్తులో ఉంటే మొక్క మీద పడేది 60 లక్స్ వరకు. మీటరుకు దించితే 200 దాటుతుంది. 30 సెంటీమీటర్లకు తెస్తే రెండున్నర వేలు. బల్బు అదే, కరెంటు అదే, దూరం మార్చినందుకే 40 రెట్లు పెరిగింది. కెల్విన్లు మార్చి ఇందులో పదో వంతు లాభం కూడా తెచ్చుకోలేం. ఎల్ఈడీ పాత బల్బుల్లా కాలదు కనుక దగ్గరగా పెట్టినా ఆకు మాడదు. అయినా ఆ రెండున్నర వేల లక్స్ మనీప్లాంట్‌కూ స్నేక్ ప్లాంట్‌కూ సరిపోతుంది కానీ ఆకుకూరకు చాలదు. ఆకుకూరకు పదివేల లక్స్, రోజుకు 14 నుంచి 16 గంటలు అందాలి. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అరకు 20 వాట్ల ట్యూబులు మూడు, మొక్కల కొసలకు జానెడు ఎత్తులో కడితే ఆ స్థాయి దరిదాపులకు వస్తుంది. చుట్టూ తెల్ల అట్ట నిలబెడితే పక్కలకు పోయే వెలుగు కూడా తిరిగొస్తుంది. రోజుకు దాదాపు ఒక యూనిట్ ఖర్చు. బజారులో కట్ట కొనడమే చౌక కాదా అంటే, ఎండ వచ్చే బాల్కనీ, మేడ ఉన్నవాళ్లకు ముమ్మాటికీ అంతే. దీపం కింద టమాటా, మిరప పెంచాలనుకోవడం ఇంకా ఖరీదు, అవి ఆకుకూర కంటే ఎక్కువ వెలుగు అడుగుతాయి. మెంతి, ఆవ మొలకలు మాత్రం గింజలో దాచుకున్న తిండితోనే సగం ఎదుగుతాయి, వాటికి ఒక్క ట్యూబుతో పని జరుగుతుంది.

పూల సంగతికి వస్తే, పసుపు వెలుగుతో పూలు వస్తాయన్న మాటలో ఒక నిజం పొరపాటు రూపంలో దాగి ఉంది. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు చాలా మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయని చూపించారు. అసలు మొక్క లెక్కపెట్టేది రాత్రి నిడివినని తరవాత తేలింది. చామంతి రాత్రులు పొడుగైతేనే మొగ్గ వేస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల చామంతి పొలాల్లో రాత్రిపూట బల్బులు వేలాడదీసేది అందుకే. రాత్రిని మధ్యలో తెంచితే మొక్క పూయడం వాయిదా వేసి ముందు ఎత్తు పెరుగుతుంది. ఈ పనికి మసక వెలుగు చాలు, ఎందుకంటే ఇక్కడ వెలుగు తిండి కాదు, కబురు. కబురు విషయంలో రంగుకు చాలా విలువ ఉంది, మొక్కలో ఆ కబురు అందుకునే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎక్కువగా స్పందించేది ఎరుపుకే. తెల్లని దీపాలన్నిటిలోనూ ఆ ఎరుపు ఉంటుంది. కనుక బాల్కనీలో చామంతి కుండీ మొగ్గ వేయకపోతే కెల్విన్లు మార్చనక్కర్లేదు, అర్ధరాత్రి దాకా దాని మీద పడుతున్న ట్యూబ్‌లైటు ఆర్పి చూడండి.

చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఈ ప్రశ్న కరివేపాకు రూపంలో వస్తుంది. డిసెంబరులో అక్కడ పగలు తొమ్మిది గంటలు, అదీ కిటికీ అద్దం గుండా వచ్చే ఏటవాలు వెలుగు. కుండీని లోపలికి తెచ్చి దీపం పెట్టినా ఆకు రాలుతుంటే దీపం రంగు బాగాలేదని అనుకుంటారు. చాలాసార్లు కారణం కిటికీ పక్క చలి. కరివేప చలికి ఆకు రాల్చి ఎదుగుదల ఆపేస్తుంది. వేర్లకు వెచ్చదనం లేనప్పుడు ఎంత మంచి వెలుగైనా వాడుకోలేదు, అప్పుడు నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది. కుండీని కిటికీ నుంచి గది లోపలికి జరపడం అక్కడ మొదటి వైద్యం, దీపం రెండోది.

మరి డబ్బా మీది ఆ అంకె ఎప్పుడు పట్టించుకోవాలి? ఆ గదిలో మనుషులు కూడా ఉంటారు కనుక, వాళ్ల కోసం పట్టించుకోవాలి. మన కంట్లో చూపుతో పనిలేకుండా పగలూ రాత్రీ తేడాను మెదడుకు తెలిపే కణాలు కొన్ని ఉన్నాయి, అవి నీలం వైపు వెలుగుకే ఎక్కువగా స్పందిస్తాయి. రాత్రి ఆ వెలుగు ఎక్కువైతే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గుతుంది. ఒకే స్థాయి వెలుగులో కూడా 6500 దీపం ఈ పనిలో 2700 దీపానికి సుమారు రెట్టింపు బలం చూపుతుంది. అందుకని అర వంటింట్లోనో, వాడని గదిలోనో ఉంటే 6500 కొనండి, చిన్న టైమరు పెట్టి తెల్లవారుజామున నాలుగింటికి వెలిగి రాత్రి ఎనిమిదికి ఆరేలా చూడండి. పిల్లలు పడుకునే గదిలోనో హాల్లోనో పెట్టక తప్పకపోతే 3000, 4000 చాలు. కొత్తిమీర కాడ కాస్త పొడుగవుతుంది, రుచి ఏమీ పోదు. ప్రత్యేకమైన గ్రో లైటు అన్న పేరుకు ఇవ్వబోయే అదనపు డబ్బుతో మామూలు ట్యూబు ఇంకొకటి కొని, ఉన్నదాని పక్కనే కట్టండి.