గుంత తవ్వేది మనం, లెక్క రాసేది వాళ్ళు

(ఉగాదికి ఊరొచ్చిన వలసకూలీలు దేవరగట్టు కొండ కింద కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండగ అయిపోయింది. ఇంకో నాలుగు దినాలకు మూటలు సర్దుకుని ఆదోని స్టేషన్లో బెంగుళూరు రైలెక్కుతాం. పోయేముందు ఒక లెక్క మాట్లాడుకుందామని మిమ్మల్ని పిలిచినాం. పట్నాల శివార్లలో, భూమి కింద, భూమి మీద కట్టే కొత్త మెట్రో స్టేషన్ల లెక్క ఇది. 'మనకెందుకప్పా ఆ ఇంజనీర్ల మాటలు?' అని మీరడగొచ్చు. ఇట్లాంటి గుంతల్లోకి దిగేది మన వాడల పిల్లోళ్ళే. అందుకే ఈ మాటలు మనకు కావాలి.

ఎమ్మిగనూరుకు ఈనాటికీ రైలు లేదు. మంత్రాలయం రోడ్డు నుంచి కర్నూలుకు లైను వేయమని జనం ఏండ్ల తరబడి అడుగుతానే ఉన్నారు. సొంత ఊరికి రైలు లేని మనుషులు సుగ్గికి పోయి పట్నమోళ్ళ రైలుకు దారి తవ్వుతున్నారు. ఇదీ మన బతుకు.

ముందు స్టేషన్ సంగతి చూద్దాం. హైదరాబాదులో 2017 నవంబరు 28న మొదలైన మెట్రో మొదటి దశలో 57 స్టేషన్లు. ఒక్కటి కూడా భూమి లోపల లేదు, అన్నీ స్తంభాల మీదనే. బెంగుళూరు మొదటి దశలో 40 స్టేషన్లుంటే 7 భూమి లోపల ఉన్నాయి. మెజెస్టిక్, చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్ అట్లాంటివే. స్తంభాల దారికన్నా భూమి లోపలి దారికి ఇంచుమించు రెండు మూడింతల ఖర్చవుతుంది.

ఎందుకంత? సొరంగాన్ని యంత్రం తొలుచుకుంటూ పోతుంది. అదీ సులువు కాదు. బెంగుళూరులో ఒకచోట మట్టి, ఒకచోట బండ. చిక్‌పేట, మెజెస్టిక్ మధ్య గోదావరి అని పేరు పెట్టిన యంత్రం నెలల తరబడి ఆగిపోయింది. స్టేషన్‌నైతే చాలాచోట్ల పైనుంచే గుంతగా తవ్వుతారు. ముందు చుట్టూ గోడలు దించాలి. నీళ్ళు తోడాలి. మురుగు పైపులు, కరెంటు తీగలు పక్కకు జరపాలి. పైనున్న ఇండ్లు, అంగళ్ళు తీసేయాలి.

ఒక స్టేషన్ 200 మీటర్ల పొడుగు, 20 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల లోతు అనుకోండి. 72 వేల ఘనపు మీటర్ల మట్టి తీయాలి. టిప్పరుకు 10 ఘనపు మీటర్లు పట్టినా 7,200 లోడ్లు. తవ్విన మట్టి పొంగుతుంది గనక ఇంకా ఎక్కువే అవుతుంది. ఒక్క స్టేషన్‌కే ఇంత.

ఆరు పెట్టెల రైలు నిలబడేందుకు నూటముప్పై, నూటనలభై మీటర్ల ప్లాట్‌ఫారం చాలు. మిగతా పొడుగంతా ఫ్యాన్లకు, కరెంటుకు, పంపులకు, ఆఫీసు గదులకు పోతుంది. ఎంత లోతు, ఎంత పొడుగు, ఎన్ని అంతస్తులు అన్నది కాయితం మీద గీసిన దినమే ఖర్చు చాలావరకు తేలిపోతుంది. ఆ కాయితం గీసే గదిలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

బయటి దేశాల సంగతీ వినండి. స్పెయిన్ దేశంలో మాడ్రిడ్ పట్నం ఉంది. దాని దక్షిణాన కూలినాలి జనం ఉండే శివారు ఊళ్ళను కలుపుతూ 2003లో 28 స్టేషన్లతో 40 కిలోమీటర్ల భూగర్భ రైలు తెరిచినారు. స్టేషన్లన్నీ సాదాగా, ఇంచుమించు ఒకే తీరుగా కట్టుకున్నారు. పని త్వరగా తెమిలింది, ఖర్చూ అదుపులో ఉంది. అదే న్యూయార్కులో 2017లో తెరిచిన దారి మూడు కిలోమీటర్లు కూడా లేదు. దాంట్లో కొత్త స్టేషన్లు మూడు. అయిన ఖర్చు 450 కోట్ల డాలర్లు. లోతున బండలో పెద్ద పెద్ద గుహలు తొలిచి, గదుల మీద గదులు కట్టడం దానికొక పెద్ద కారణం. అంటే భూమి లోపల కట్టడమే తప్పని కాదు. ఆడంబరం తగ్గిస్తే, లోతు తగ్గిస్తే, పేదల పేటలకు కూడా రైలు తేవచ్చు.

కానీ మన దేశంలో పొదుపు మాట రాగానే దేని మీద వేటు పడుతుంది? స్టేషన్ ముందర మెరిసే రాళ్ళ మీద పడదు. ముసలోళ్ళకు, కుంటోళ్ళకు పనికొచ్చే లిఫ్టు మీద పడుతుంది. మరుగుదొడ్డి మీద, వాడ వైపు ఉండాల్సిన రెండో ద్వారం మీద పడుతుంది. అందరికన్నా ముందు కూలోని రేకుల షెడ్డు మీద, నీళ్ళ డ్రమ్ము మీద, బెల్టు మీద, బూట్ల మీద పడుతుంది.

బెంగుళూరు మొదటి దశకు 2006లో అనుమతి ఇచ్చినప్పుడు 6,395 కోట్లన్నారు. తర్వాత దారి కొంత పొడిగించినారు, నిజమే. అయినా 2017లో పని ముగిసేసరికి 13,845 కోట్లయింది. 2025 ఫిబ్రవరిలో ఛార్జీలు పెంచినప్పుడు పెద్ద టికెట్టు 60 రూపాయల నుంచి 90కి పోయింది. స్టేషన్ కట్టిన కూలోడు ఆ స్టేషన్లో టికెట్టు కొనాలంటే జేబు తడుముకోవాల్సిందే.

పని ఇంతటితో ఆగేది కాదు. హైదరాబాదులో రెండో దశకు 2024లో తెలంగాణ సర్కారు 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్ల ప్రతిపాదన చేసింది. దాంట్లో విమానాశ్రయం కాడ ఒక్క స్టేషన్ భూమి లోపల వస్తుందన్నారు. మన ఆంధ్ర సర్కారు అదే ఏడు విశాఖకు 11,498 కోట్లు, విజయవాడకు 11,009 కోట్లు అని లెక్క కట్టింది. ఇవి కట్టినప్పుడు మళ్ళీ తట్ట, పార పట్టుకుని పోయేది మనమే.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాం. ఈ కోట్లలో చట్టం ప్రకారం మన పేరు మీద ఒక పాలుంది. 1996లో వచ్చిన చట్టం ప్రకారం కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సుగా కట్టాలి. అది రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు పోతుంది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమలుకొచ్చి పాత చట్టాలను కలుపుకున్నా ఈ సెస్సు పోలేదు. నూరు కోట్ల కట్టడానికి కోటి రూపాయలు. ప్రమాదానికి, చావుకు, కాన్పుకు, పిల్లల చదువుకు అని పెట్టిన సొమ్ము అది. కానీ బోర్డులో పేరున్నోనికే అది అందుతుంది.

మా వాడ పిల్లోడు ఒకడు ఒక పట్నంలో గుంత పనికి పోయినాడు. కడ్డీల కట్ట జారి కాలు విరిగింది. మేస్త్రీ రెండు వేలు చేతిలో పెట్టి బస్సెక్కించినాడు. 'నీ పేరు ఏ రిజిస్టర్లో ఉందిరా?' అని మేమడిగితే వానికి తెలీదు. హాజరు మేస్త్రీ చిన్న పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం మేస్త్రీ జేబులో ఉంది. మేము ఆ పట్నం పోయి నాలుగు దినాలు తిరిగినాం. 'వీడు మా మనిషని కాయితం ఏదీ?' అన్నారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినాం.

దసరా రాత్రి ఈ గట్టు మీద బన్ని ఆడేటప్పుడు తలలు పగులుతాయని సర్కారు కిందనే వైద్య శిబిరం పెడుతుంది. పేపరోళ్ళొచ్చి ఫోటోలు తీసుకుంటారు. ఏడాది పొడుగునా గుంతల్లో మన కాళ్ళు, నడుములు విరుగుతుంటే రెండు లైన్ల వార్త కూడా రాదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1942లో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడైనారు. ఫ్యాక్టరీ కూలీల పనిగంటలు వారానికి 54 నుంచి 48కి తగ్గిన 1946 సవరణ ఆయన కాలంలోనిదే. హక్కు కాయితం మీదికి ఎక్కాలని, ఎక్కినదాన్ని అడిగి తీసుకోవాలని మనకు నేర్పింది ఆయనే.

కాబట్టి ఈసారి పోయేవాళ్ళు ఈ నాలుగు పనులు చెయ్యండి. ఒకటి, ఊరు విడిచేముందు ఎవరు ఏ మేస్త్రీ కింద, యాడ పనికి పోతున్నారో వాడలో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. రెండు, హాజరు మీరు కూడా రాసుకోండి, చదువు రానోళ్ళకు పిల్లలు రాయండి. మూడు, ఏడాదిలో 90 దినాలు పని చేసి, 18 నుంచి 60 ఏండ్ల మధ్య ఉన్న ప్రతి కట్టడం కూలీ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. మట్టి మోసే ఆడోళ్ళు కూడా కూలీలే, మొగుని పేరు కింద కాదు, సొంత పేరుతో రాయించుకోవాలి. నాలుగు, ఈ-శ్రమ్ కార్డు చూపించి 'మాకుంది' అనుకోవద్దండి. అది వేరు, బోర్డు కార్డు వేరు.

మన సంఘం సర్కారును అడిగేదీ ఉంది. ఆంధ్ర కూలీ కర్ణాటకలో పడిపోతే రెండు బోర్డులూ 'మాది కాదు' అనే ఆట ఆపాలి. స్టేషన్ గుంత కాడ కూలీల పేర్ల పట్టిక అందరికీ కనబడేట్టు గోడకు అంటించాలి. ఎమ్మిగనూరుకు రైలు కావాలి, సుగ్గికి పోయేదానికి కాదు, ఇక్కడనే పని పుట్టేదానికి.

గుంత లోతు కొలిచే ఇంజనీరు పేరు రిజిస్టర్లో ఉంటుంది. ఆ గుంత తవ్విన మనిషి పేరు కూడా ఉండాలి. అదుండేదాకా అడుగుదాం.

జై భీమ్!