నా గదిలో మూడు పటాలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "మీకు స్ఫూర్తినిచ్చిన వాళ్ళ గురించి పదిహేను నిమిషాలు మాట్లాడండి మేడమ్" అన్నారు. గాము గంటందొర గురించీ, అల్లూరి గురించీ నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఇక్కడున్నారు. "నేను కథోలికురాలిని. నాకు ధైర్యమిచ్చింది పునీతులు. ఈ సభలో అది చెప్పొచ్చా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మీ అనుభవం చెప్పండి, ప్రచారం మాత్రం వద్దు" అన్నారు. న్యాయమైన మాట. హాస్టల్లో నేను పాటించే పద్ధతీ అదే. అది ప్రభుత్వ హాస్టల్. అక్కడ నేను వార్డెన్‌ని. నా జపమాల నా గదిలోనే ఉంటుంది.

కానీ గది గోడ మీద మూడు పటాలున్నాయి. తాళంచెవికో, జ్వరం మాత్రకో వచ్చిన పిల్లలు వాటిని చూస్తారు. ఒకసారి ఆరో తరగతి పిల్ల ఒకతి మొదటి పటం ముందు నిలబడి, "మేడమ్, ఈమె మనవాళ్ళేనా? మా పెద్దమ్మలాగ ఉంది" అంది. ఆ పటంలో ఉన్నది నల్లటి ముఖం, తల మీద ముసుగు, మెడలో పతకం. పేరు జోసఫిన్ బఖీత. ఊరు ఆఫ్రికాలోని సూడాన్ దేశం.

ఆమె గురించి చెప్పేముందు ఒక సందేహం తీర్చాలి. పునీతులంటే దేవుళ్ళు కారు. మంచిగా బతికి వెళ్ళిపోయిన మనుషులు. మాకోసం దేవుణ్ణి అడగండి అని వాళ్ళను వేడుకుంటాం. ఇది నాకు ఉపదేశి గారు చెబితే అర్థం కాలేదు, మా మామ్మ వల్ల అర్థమైంది. మా అమ్మానాన్నలు నా చిన్నప్పుడే జ్ఞానస్నానం తీసుకున్నారు. మామ్మ తీసుకోలేదు. కొత్త పంట ఇంటికొచ్చినప్పుడు పెద్దలకు పెట్టి, పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచేది. ఆదివారం గుడిలో ఫాదర్ గారు పునీతుల పేర్లు వరసగా చదువుతుంటే నాకు మామ్మ గొంతే వినబడేది. ఈ పోలిక ఫాదర్ గారికి నచ్చకపోవచ్చు. నాకు మాత్రం అలాగే లోపలికి దిగింది.

ఇక బఖీత సంగతి. 1869 ప్రాంతంలో డార్ఫర్‌లో పుట్టింది. ఏడెనిమిదేళ్ళ వయసులో బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయారు. ఆ భయంలో తన పేరు తనే మరిచిపోయింది. బఖీత అన్నది ఎత్తుకుపోయిన వాళ్ళు పెట్టిన పేరు. అరబ్బీలో అదృష్టవంతురాలు అని అర్థం. ఎంత వెటకారమో చూడండి! చేతులు మారుతూ మారుతూ ఒక టర్కీ సైనికాధికారి ఇంటికి చేరింది. అక్కడ ఆమె ఒంటి మీద పిండితో గీతలు గీసి, కత్తితో కోసి, గాట్లలో ఉప్పు రుద్దారు. 114 గాట్లు. 1883లో ఖార్తూమ్‌లో ఇటలీ వైస్ కాన్సుల్ ఒకాయన కొన్నాడు, అతను కొట్టలేదు. 1885లో అతనితో ఇటలీ వెళ్ళింది, అక్కడ మరో కుటుంబానికి ఇచ్చేశారు. ఆ ఇంటి పాపను పెంచే పని. యజమానురాలు పని మీద సూడాన్ వెళ్తూ, పాపను, ఈమెను వెనిస్‌లోని కనోసా సిస్టర్స్ దగ్గర ఉంచింది. తిరిగొచ్చి రమ్మంటే బఖీత రానంది.

పుట్టాక ఆమె తన ఇష్టంతో చెప్పగలిగిన మొదటి పెద్ద మాట "రాను" అన్నదే అనిపిస్తుంది నాకు. గొడవ కోర్టుకెక్కింది. ఇటలీ చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదు, ఈమె స్వతంత్రురాలు అని 1889 నవంబరు 29న తీర్పొచ్చింది. మరుసటి జనవరిలో జ్ఞానస్నానం, తర్వాత కొన్నేళ్ళకు సిస్టర్‌గా మాటపట్టు. 1902 నుంచి స్కియో అనే చిన్న పట్టణంలో మఠంలో వంట చేసింది, కుట్టుపని చేసింది, చాలాకాలం తలుపు దగ్గర ఉండి వచ్చేపోయేవాళ్ళను చూసుకుంది. 1947 ఫిబ్రవరి 8న చనిపోయింది. 2000లో పోపు రెండవ జాన్ పాల్ గారు పునీతురాలిగా ప్రకటించారు.

వార్డెన్ ఉద్యోగంలో సగం తలుపు దగ్గర నిలబడడమే. ఎవరొచ్చారు, ఎవరు తీసుకెళ్ళారు, ఎవరు తిరిగి రాలేదు. ఆ పనిలో నేను ఒకసారి తప్పు చేశాను. అది చెప్పడానికే ఈ పటం దగ్గర ఇంతసేపు ఆగాను. ఎవరి గురించి చెబుతున్నానో ఆ అమ్మాయిని అడిగే చెబుతున్నాను. పేరు, ఊరు మాత్రం చెప్పను.

ఏడో తరగతి పిల్ల. వేసవి సెలవులకు ఇంటికెళ్ళింది. జూన్‌లో బళ్ళు తెరిచారు, రాలేదు. వ్యవసాయం పనులు కదా, నెలలో వస్తుందిలే అనుకున్నాను. జూలైలో కబురు పంపాను. "వాళ్ళ చుట్టాలింటికి వెళ్ళింది" అని జవాబొచ్చింది. ఆగస్టులో హాజరు పట్టీలో ఆ పేరు పక్కన ఎర్ర పెన్నుతో "బడి మానేసింది" అని రాశాను. రాసి పేజీ తిప్పేశాను. ఆ పేజీ తిప్పిన చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

నవంబరులో వాళ్ళమ్మ వచ్చింది. ఊళ్ళో వరసకు మావయ్య అయ్యే ఒకతను, పట్నంలో పెద్దవాళ్ళింట్లో చంటిపిల్లను చూసుకునే పని, చదువు కూడా చెప్పిస్తారు, నెలనెలా డబ్బు పంపుతారు అని తీసుకెళ్ళాడట. రెండు నెలలు డబ్బొచ్చింది. తర్వాత డబ్బూ లేదు, ఫోనూ లేదు. ఆ తల్లి నా వరండాలో కూర్చుని, "మీరు రమ్మంటే వస్తాదేమో మేడమ్, మీ మాటంటే దానికి భయం" అంది. 1098కి ఫోన్ చేశాం. బాలల సంరక్షణ అధికారులు, పోలీసులు కదిలారు. మూడు వారాలు పట్టింది. జుట్టు మగపిల్లాడిలాగ కత్తిరించి ఉంది. మోచేతి దగ్గర వాత.

మళ్ళీ బళ్ళో చేర్చుకున్నాం. సాయంత్రం పేర్లు పిలుస్తున్నాను. ఆ పేరు పిలిస్తే పలకదు. రెండోసారి పిలిచాను, పలకలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ ఇంటివాళ్ళమ్మాయి పేరు కూడా ఇదేనట. పనిపిల్లకూ తమ పిల్లకూ ఒకే పేరేమిటని వేరే పేరు పెట్టి పిలిచారట.

ఆ రాత్రి గదిలోకెళ్ళి బఖీత పటం కేసి చూశాను. అప్పటిదాకా ఆమె నాకు గుడి పండగ రోజు ఒక సిస్టరమ్మ ఇచ్చిన పటం. ఆ రాత్రి నుంచి లెక్క వేరు. ఏమీ అడగలేకపోయాను. కూర్చున్నాను అంతే. ప్రార్థన అంటే కోరికల జాబితా కాదని అదే మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత నుంచి జూన్‌లో మొదటి వారంలో రాని ప్రతి పిల్ల ఇంటికీ నేనే వెళ్తున్నాను. జీపు దొరికితే జీపులో, లేకపోతే నడిచి. బఖీత పోయిన ఫిబ్రవరి 8ని మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ప్రార్థించే రోజుగా 2015 నుంచి మా సభ పాటిస్తోంది. ఆ రోజు నేను పిల్లల పేర్లన్నీ గట్టిగా, తప్పు లేకుండా పిలుస్తాను. ఎందుకో వాళ్ళకు తెలియదు.

రెండో పటం కాటెరి టెకక్విత. ఈమె నిజంగానే మనలాంటి ఆదివాసీ పిల్ల. అమెరికా ఖండంలో మోహాక్ తెగ. 1656లో ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి మోహాక్ పెద్ద, తల్లి వేరే తెగ నుంచి వచ్చిన క్రైస్తవురాలు. నాలుగేళ్ళప్పుడు ఊళ్ళోకి మశూచి వచ్చింది. అమ్మ, నాన్న, తమ్ముడు పోయారు. ఈమె ముఖం నిండా మచ్చలు మిగిలాయి, చూపు మందగించింది. చేతులతో తడుముకుంటూ నడిచేది. 1676లో ఈస్టర్ నాడు జ్ఞానస్నానం తీసుకుంది. పెళ్ళి వద్దంది. ఇంట్లో, ఊళ్ళో వేధింపులు. మరుసటి ఏడు మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, మాంట్రియల్ దగ్గర కానవాకె అనే చోట ఉన్న క్రైస్తవ ఆదివాసీ పల్లె చేరింది. 1680లో, 24 ఏళ్ళకే చనిపోయింది. 2012లో పునీత పట్టం ఇచ్చారు.

నేను టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో మా పెదతాత ఒకసారి నన్ను పట్టుకుని అడిగాడు: "దేవుణ్ణి మార్చుకున్నారు సరే, ఊరిని కూడా మార్చుకుంటావేటి?" నాకు కోపమొచ్చింది, జవాబు రాలేదు. మీలో గుడికెళ్ళే పిల్లలు ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. కాటెరి కథ చదివినప్పుడు నాకు తెలిసిందేమిటంటే, ఆమె ఊరు వదిలింది కానీ తన మనుషుల మధ్యకే వెళ్ళింది. తన భాషలోనే దేవుణ్ణి పిలిచింది. పూసలు కుట్టడం, చాపలు అల్లడం మానలేదు. కానవాకె ఈరోజుకీ మోహాక్ వాళ్ళ ఊరే, ఆమె సమాధి అక్కడి గుడిలోనే ఉంది. నేను ఇటుకల పండగకు ఊరెళ్తాను. మా అప్ప నడుం పట్టుకుని థింసా ఆడతాను. మోకాళ్ళు ఒప్పుకున్నంతసేపు!

అయితే కాటెరిలో నాకు నచ్చనిదీ ఉంది, దాచను. ఆమె ఒంటిని చాలా హింసించుకుంది. ముళ్ళ మీద పడుకునేది, తిండి మానేసేది. అప్పటి ఫాదర్లు కొందరు వద్దన్నారు కూడా. రక్తం తక్కువైన పిల్లలకు రోజూ ఐరన్ మాత్రలు మింగించేదాన్ని నేను. ఉపవాసం ఉంటానని ఎవరైనా వస్తే ముందు గుడ్డు తినమంటాను. ఇంకో సంగతి. చనిపోయిన కాసేపటికే ఆమె ముఖం మీద మచ్చలు పోయి అందంగా మారిందని ఆమెతో ఉన్న ఫాదర్లు రాశారు. నమ్ముతాను. కానీ నాకు మచ్చలున్న కాటెరి అంటేనే ఇష్టం. క్రీములు కొనడానికి మెస్ బిల్లు డబ్బు దాచుకునే నా పిల్లలకు ఆ ముఖమే కావాలి.

మూడో పటం మన దేశంలోది. సిస్టర్ రాణి మరియ. ఈమెను ఇంకా పునీతురాలు అనరు, ధన్యురాలు అంటారు, ఒక మెట్టు కింద. కేరళలో 1954లో పుట్టి, మధ్యప్రదేశ్‌లోని ఉదయనగర్‌లో ఆదివాసీల మధ్య పనిచేసింది. అక్కడ జనం వడ్డీ వ్యాపారుల చేతిలో ఉండేవాళ్ళు. ఆమె వాళ్ళను సంఘాలుగా కూర్చింది, బ్యాంకు అప్పులు ఎలా తెచ్చుకోవాలో నేర్పింది. అది గిట్టనివాళ్ళు ఒక కుర్రవాణ్ణి పురమాయించారు. 1995 ఫిబ్రవరి 25న, నడుస్తున్న బస్సులో, జనమంతా చూస్తుండగా ఆమెను పొడిచి చంపాడు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో ధన్యురాలిగా ప్రకటించారు.

ఈ కథ మనకు వివరించి చెప్పక్కర్లేదు. పంట భూమిలో ఉండగానే పసుపుకు ధర కట్టేసే షావుకారు మా నాన్నకూ ఉండేవాడు. లెక్క షావుకారు పుస్తకంలో ఉండేది, వేలిముద్ర మా నాన్నది. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి 1960లోనే చట్టం వచ్చింది, భూములకు 1/70 ఉంది. ఈ రెండూ మా ఇంట్లో ఎవరికీ తెలియవు, నేను ట్రైనింగ్‌కి వెళ్ళేదాకా. దేవుణ్ణి నమ్మడమంటే లెక్కలు నేర్పడం కూడా అని ఈ సిస్టరమ్మ వల్లే అనుకున్నాను. అందుకే మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో సెలవుల్లో వాళ్ళింటి అప్పు లెక్క రాయించి తెప్పిస్తాను.

చంపిన వ్యక్తి జైల్లో ఉండగా ఆమె చెల్లెలు, ఆవిడా సిస్టరే, వెళ్ళి రాఖీ కట్టింది. విడుదలయ్యాక అతను కేరళ వెళితే ఆమె తల్లి అతని చేతులు ముద్దు పెట్టుకుందట. బఖీత కూడా, తనను ఎత్తుకుపోయినవాళ్ళు కనబడితే వాళ్ళ చేతులు ముద్దాడతానంది, వాళ్ళ వల్లే తాను ఇక్కడిదాకా వచ్చానట.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడే నేను ఆగిపోయాను. ఆ పిల్లను తీసుకెళ్ళినతని మీద ఫిర్యాదు ఇచ్చాం, నేనూ సాక్ష్యం చెప్పాను. కేసు నడుస్తూనే ఉంది. అతను బయటే ఉన్నాడు. సంతలో కనబడతాడు. మొన్న గురువారం సంతలో ఎదురుపడి, "నమస్కారం మేడమ్" అన్నాడు. నేను తల తిప్పుకుని మిరపకాయలు బేరమాడాను. ఆ రాత్రి మూడు పటాల ముందూ కూర్చున్నాను. ఈ ముగ్గురూ చేయగలిగింది నావల్ల కాలేదు. కాలేదని వాళ్ళకే చెప్పుకున్నాను. ప్రస్తుతానికి నా విశ్వాసం అక్కడుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరం. ఈ ప్రసంగం రాసుకుని ఫోన్లో చదివి వినిపిస్తే, "వాత మోచేతి దగ్గర కాదు మేడమ్, మణికట్టు దగ్గర" అని సరిచేసింది. కాగితంలో మార్చడం మరిచిపోయి మీకు అలాగే చదివేశాను. మణికట్టు దగ్గర.